సంస్మరణ సంచికలో మా వదిన చేతులు

“అది కథానిక అత్తయ్యగారండీ. కథానికలో కొంత కల్పన ఉంటుందండీ.”

“ఉంటే ఉండనివ్వండి బాబూ. మా వదినగారిని దోనెలో కూచోబెట్టి ఏడిపించడం దేనికండీ? ఆవిడ ఆ రోజు ఏడవలేదు. అసలు కూచోనే లేదు.”

“చదివేవాళ్ళకి కరుణ పుట్టాలి కదండీ.”

“చదివేవాళ్ళ సంగతి తర్వాత. చదువుతున్న నాకు డోకొస్తోంది.”

“అంత మాటనకండి అత్తయ్యగారూ. నెల రోజులు కూచుని రాశానండీ.”

“మీరు కష్టపడలేదని నేనన్నానా అండీ? కష్టపడి రాశారు కాబట్టే ఇంత కంపు కొడుతోంది.”

మా వేపు పోట్లాట ఇలాగే ఉంటుంది. కోపం పెరిగిన కొద్దీ అండీలు పెరుగుతాయి. ఇది వట్లూరులో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో, పొద్దున్న కాఫీలయ్యాక జరిగింది. అల్లుడుగారు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను ఐదో తరగతి పరీక్ష రాయకుండానే బడి మానేశాను. ఆయనతో నేను వాదానికి దిగడం అదే మొదలు.

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు భోజనానికి వచ్చినవాళ్ళకి ఒక స్టీలు గిన్నె చేతిలో పెట్టి పంపడం మా వాళ్ళలో మామూలు. అల్లుడుగారు గిన్నె వద్దు, పుస్తకం ఇద్దామన్నారు. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడిదో అలవాటైంది. పోయినవాళ్ళ ఫొటో అట్ట మీద వేసి, లోపల పొగడ్తలు నింపి, సంస్మరణ సంచిక అని పేరు పెట్టి పంచుతారు. గిన్నె అయితే పెరుగు తోడు వేసుకుంటారు, పుస్తకం ఏం చేసుకుంటారండీ అని అడిగాను. నా మాట సాగలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. “అందరిలాగా నాలుగు పొగడ్తలు వేస్తే మన ప్రత్యేకత ఏముందండీ? ఒకే మనిషి జీవితాన్ని ఏడు గద్య ప్రక్రియల్లో చూపిస్తాను. ఇలాంటి సంచిక మన జిల్లాలో రాలేదు” అన్నారు. ప్రక్రియ అంటే ఏమిటని అడిగాను. వచనం ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని ప్రక్రియలట. వేళ్ళు ముడుస్తూ చెప్పారు. జీవితచరిత్ర, వ్యాసం, కథానిక, లేఖ, యాత్రాకథనం, డైరీ, ముఖాముఖి. పేజీలు చాలక నవల పెట్టలేకపోతున్నానని విచారపడ్డారు కూడా. వ్యాసం మా అమ్మాయికి అప్పజెప్పి, మిగతావన్నీ తనే రాశారు.

నాకు వచనం మరీ కొత్తేమీ కాదు. కొల్లేటి లంకలో కాపురం చేసిన రోజుల్లో మా చుట్టుపక్కల ఆడవాళ్ళలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం పూట కార్డు ముక్క పట్టుకుని వచ్చేవారు. కూతురికి జ్వరం తగ్గలేదని రాయమంటే తగ్గలేదని రాశాను. అల్లుడు మంచివాడు కాదని రాయమంటే అదీ రాశాను. నా సొంత మాట ఒక్కటి చేర్చింది లేదు. చేరిస్తే కార్డు మీద చోటూ ఉండేది కాదు. వారపత్రిక ఒకటి ఆరిళ్ళు తిరిగి మూలలు చిరిగి నా దగ్గరికొచ్చేది. అందులో సీరియల్ నవల వచ్చేది. అది కల్పించిందని తెలిసే చదివేవాళ్ళం. పైన నవల అని వేసేవారు, మేము నవల అనుకునే ఏడ్చేవాళ్ళం. చెప్పి ఆడే అబద్ధం మీద నాకెప్పుడూ కోపం లేదు.

కానీ అల్లుడుగారి ప్రూఫులు చదువుతుంటే చేతులు కడుక్కోవాలనిపించింది.

యాత్రాకథనంలో మా ఆయన ద్వారకా తిరుమల కొండ మెట్లన్నీ గోవింద కొడుతూ ఎక్కారట. బస్సు పైదాకా వెళుతుంది. మేము బస్సులోనే వెళ్ళాం. దిగుతూనే ఆయన పులిహోర పొట్లం ఎక్కడ పెట్టావని అడిగారు. డైరీ మరీ ఘోరం. ఆయన జన్మలో డైరీ రాసిన మనిషి కాదు. గోడ క్యాలెండరు మీద గ్యాసు బండ వచ్చిన రోజు చుట్టూ సున్నా చుట్టేవారు, అంతే. సంచికలో మాత్రం ఆయన రోజూ తెల్లవారుఝామున లేచి మనిషి పుట్టుక గురించి ఆలోచించినట్టు రాసుకున్నారు. ముఖాముఖిలో, పోవడానికి ఆర్నెల్ల ముందు మాట పడిపోయిన మనిషి పదకొండు ప్రశ్నలకి జవాబులు చెప్పారు.

లేఖ కింద నా పేరుంది. పోయిన ఆయనకి నేను రాసినట్టు. “మీరు లేని ఈ ముంగిట ముగ్గు కూడా కన్నీరు కారుస్తోంది” అని మొదలు. మేముండేది మూడో అంతస్తు. ముంగిలి లేదు. గుమ్మం ముందు ఉన్నది అమ్మాయి కొన్న స్టిక్కరు ముగ్గు, అది తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. యాభై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషికి నేనేం రాస్తానో నన్నడగలేదు. నాకు అక్షరం రాదనుకున్నారో, దుఃఖం రాదనుకున్నారో తెలియదు. చదువుతుంటే ఎవరో నా చీర కట్టుకుని నా మంచం మీద కూచున్నట్టు ఒళ్ళు జలదరించింది.

వీటన్నిటికీ ముక్కు మూసుకుని ఊరుకునేదాన్నే. కథానిక దగ్గర ఊరుకోలేకపోయాను. కొల్లేరు పొంగిన రోజు మా ఆయన దోనె తోసుకుంటూ వెళ్ళి బడిపిల్లలని గట్టు చేర్చినట్టు రాశారు. ఆ దోనెలో పిల్లల మధ్య మా వదిన, అంటే ఆయన అక్క, ముఖం కొంగులో దాచుకుని “తమ్ముడూ, నువ్వే నా దేవుడివి” అని ఏడ్చిందట. అక్కడ మొదలైంది మా పోట్లాట.

ఆ గొడవలో నేను చేతిలో ఉన్న కాగితాలు టేబులు మీద పడేస్తే, అమ్మాయి రాసిన వ్యాసం పైకి వచ్చింది. ‘మా నాన్నగారి దయాగుణం.’ అందులో ఒక పేరా ఇలా ఉంది. “బాల్య వైధవ్యానికి తోడు చర్మవ్యాధితో బాధపడుతున్న మా మేనత్తను, ఊరంతా వెలివేసినట్టు చూసినా, నాన్నగారు అసహ్యించుకోకుండా ఇంట ఉంచుకుని ఆదరించారు.”

“ఇదెవరు చెప్పారే నీకు?” అన్నాను.

వంటింట్లోంచి వచ్చి అమ్మాయి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. “ఎవరు చెప్పడమేమిటమ్మా? నువ్వే చెప్పావు. చిన్నప్పుడు అత్తయ్య కలిపిన ముద్ద తిననని నేను మారాం చేస్తే, గజ్జి ఎప్పుడో తగ్గిపోయిందిలే, తిను అన్నావు. నాకు బాగా గుర్తు. నాన్న దోనె తోశారని చెప్పిందీ నువ్వే.”

అల్లుడుగారు టేబులు మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

అమ్మాయి చెప్పింది నిజం. ఆ రెండు మాటలూ నావే. అల్లుడుగారు ఏడు ప్రక్రియల్లో తిరగేసి మరగేసి రాసింది నా అబద్ధాన్నే. అంతవరకూ ఆయన మీద పుట్టిన రోత అప్పుడు నా మీదికి తిరిగింది.

జరిగిందేమిటంటే, మా ఆయనకి నీళ్ళంటే భయం. దోనె కదిలితే కళ్ళు తిరిగేవి. ఆయన మాస్టారుగా పని చేసే బడి పక్క లంకలో ఉండేది. మా వదిన మొగుడు పోయి పందొమ్మిదేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చింది. మా వెనకింట్లో చేపలు పట్టే ఆవిడ దగ్గర గడ వేసి దోనె తోయడం నేర్చుకుని, రోజూ పెందలాడే తమ్ముణ్ణి దోనెలో బడికి దింపి, ఊరు లేచేలోగా వచ్చేసేది. అడిగినవాళ్ళకి ఆకుకూరకి వెళ్ళానని చెప్పేది. నీళ్ళు పొంగిన రోజు పిల్లలందరూ బడిలోనే ఉన్నారు. మగవాళ్ళు గట్టుకి గండి పడకుండా మట్టి బస్తాలు వేస్తున్నారు. మా వదిన వెనకింటివాళ్ళ తాటి దోనెలు రెండు జత కట్టించి, చీర గోచీ బిగించి, పొద్దుటినుంచి మధ్యాహ్నం తిరిగేదాకా అటూ ఇటూ తిరిగింది. పిల్లల్ని గట్టు మీదికి దింపుకున్నది నేను. మా ఆయన బడి కప్పు మీద హాజరు పుస్తకం పట్టుకుని కూచుని, ఎవరు వెళ్ళారు, ఎవరు మిగిలారని పేర్లు పిలుస్తూ ఆఖరి దోనెలో వచ్చారు. ఆయనా తక్కువ పని చేయలేదు. కానీ దోనె తోసింది ఆయన కాదు.

నీళ్ళు తీశాక ఆఫీసర్లు వచ్చారు. మాస్టారు పిల్లల్ని కాపాడారట కదా అని శాలువా తెచ్చారు. మా మామగారు లోపలికొచ్చి, ఆ స్థితిలో ఉన్న మన ఇంటి ఆడపిల్ల గోచీ పెట్టి పరాయివాళ్ళ దోనె తోసిందని బయట తెలిస్తే తలెత్తుకోలేమన్నారు. మా ఆయన నేల చూస్తూ శాలువా కప్పించుకున్నారు. తలుపు పక్కనున్న నేను తలాడించాను. పిల్లలకి అసలు సంగతి తెలుసు, కానీ వాళ్ళనెవరూ అడగలేదు.

వదిన అరచేతులు గడ రాపిడికి చర్మం లేచిపోయాయి. మురికినీళ్ళలో నాని చీము పట్టాయి. పది రోజులు నేనే అన్నం కలిపి నోట్లో పెట్టాను. చేతులకేమైందని ఇరుగుపొరుగు అడిగారు. నోటికొచ్చింది చెప్పాను. గజ్జి అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆవిడ చేతిని ఊరు వదిలేసింది. మజ్జిగ పోయబోతే గ్లాసు వెనక్కి తీసుకునేవారు. ఆవకాయ కలిపే రోజున దూరంగా కూచోమనేవారు. చేతులు మానిపోయాక కూడా ఏళ్ళ తరబడి అంతే. నేను నోరు విప్పితే పోయే దానికి విప్పలేదు. అమ్మాయి పుట్టాక ఆవిడ ఎత్తుకోబోతే, పక్కింటావిడ చూస్తోందని పిల్లని చటుక్కున లాక్కున్నాను. ఆ లాక్కోవడం తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఇంకో పన్నెండు రోజుల్లో ఆ వదిన సంవత్సరీకానికి వస్తుంది. ముందు వరసలో కూచుంటుంది. వచ్చినవాళ్ళందరి చేతుల్లో ఆ పుస్తకం ఉంటుంది. సంచిక మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాలి.

నేను ఆధార్ కార్డు చూసుకుని, ఆ కథానిక, అమ్మాయి వ్యాసం మడిచి సంచీలో పెట్టుకుని, తాడేపల్లిగూడెం బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఇప్పుడు టిక్కెట్టు డబ్బులక్కర్లేదు. దారి పొడుగునా చేపల చెరువుల వాసన కిటికీలోంచి కొడుతూనే ఉంది. ఉంగుటూరు దాటాక తగ్గింది. మామూలుగా అయితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని, ఆ రోజు పెట్టుకోబుద్ధి కాలేదు.

వదిన అక్కడ మా మరిది ఇంట్లో వెనక గదిలో ఉంటుంది. చేట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

“ఏమే, ఇంత ఎండన పడి వచ్చావు? ఫోను చేస్తే పోయేది కదా.”

“ఫోనులో చెప్పేది కాదు వదినగారూ. చదివి వినిపించాలి.”

“చదువు. నా చెవులు బాగానే ఉన్నాయి.”

కథానిక చదివాను. ఆవిడ చెయ్యి ఆగలేదు.

“దోనెలో కూచుని ఏడ్చానా? మరి తోసిందెవరు?”

“మీ తమ్ముడుగారు.”

“వాడా? దోనె ఎక్కితే నా కొంగు వదిలేవాడు కాదు కదే. ఒకసారి కొంగు చించేశాడు కూడాను.”

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత అమ్మాయి పేరా చదివాను. చెయ్యి ఆగింది.

“గజ్జి అని అచ్చేస్తున్నారా?”

“చర్మవ్యాధి అని రాసింది.”

“అదేలే. కాస్త చదువుకున్న గజ్జి.” ఒక గింజ తీసి చేటలో పడేసి, “పిల్లకెవరు చెప్పారు?” అంది.

“నేనే. ఊళ్ళో అందరికీ చెప్పిందీ నేనే వదినగారూ.”

“తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“అప్పుడే. తలుపు అవతలే ఉన్నాను. నీ గొంతు చిన్నదా ఏమిటి?”

మరెందుకు అడగలేదన్నాను. ఆవిడ చేటలో గింజలు పక్కకి నెట్టింది. “అడిగితే నువ్వు కోపం తెచ్చుకుని అన్నం పెట్టడం మానేస్తే? చేతులు పనికి రావు. ఇంకెవరు పెడతారు నాకు? తర్వాత చేతులు బాగయ్యాయి, కానీ అడిగే రోజు దాటిపోయింది.”

క్షమించమని అడగడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు. కూచుని చింతపండు గింజలు నేనూ కొన్ని తీశాను. లేవబోతూ, “ఇప్పుడేం చెయ్యమంటారు?” అన్నాను.

“దోనె సంగతి మీ ఇష్టం. పోయినవాడు, వాడికే ఇచ్చుకోండి. గజ్జి మాత్రం తీయించు. ఆ రోజు నేనూ పంక్తిలో కూచుంటాను. నా పక్కన కూచున్నవాళ్ళు అన్నం తినాలి కదా.”

బస్సులో తిరిగి వస్తూ, గజ్జి తీయించి దోనె ఆయనకే వదిలేద్దామా అని ఆలోచించాను. ఆవిడే ఇచ్చేసింది కదా. కానీ గజ్జి ఎందుకొచ్చింది? దోనె దాచడానికి వచ్చింది. ఒకటి ఉంచి ఒకటి తీస్తే, రేపు ఇంకెవరో ఆ ఖాళీలో ఇంకో రోగం నింపుతారు.

ఇంటికొచ్చాక ప్రూఫు కాగితం వెనకవైపు తెల్లగా ఉంటే దాని మీదే రాశాను. అరపేజీ అయింది. దోనె ఎవరు తోశారు, మా ఆయన బడి కప్పు మీద ఏం చేశారు, శాలువా ఎలా వచ్చింది, గజ్జి అన్నదెవరు, అది గజ్జి కాదు, గడ రాపిడి. ఆఖర్న నా పేరు రాశాను. అల్లుడుగారు రెండుసార్లు చదివారు.

“ఇది ఏ ప్రక్రియలోకి వస్తుందో తెలియడం లేదండీ. లేఖ కాదు, వ్యాసం కాదు. స్వీయచరిత్ర అందామంటే మరీ క్లుప్తంగా ఉంది.”

“మీ పేర్లు మీరు పెట్టుకోండి బాబూ. మాట మాత్రం మార్చకండి.”

“జీవితచరిత్రలో మామయ్యగారే దోనె తోశారని ఉందండీ. రెండూ ఒకే పుస్తకంలో ఎలా ఉంటాయండీ?”

“ఉండవండీ. ఒకటి తీసేయండి. నా పేరున మీరు రాసిన ఉత్తరం, ఆ కథా కూడా తీసేయండి.”

“ఏడు ప్రక్రియలని ఆహ్వానపత్రికలో వేశామండీ.”

“అయిదుంటే భోజనం మానేసి వెళ్ళిపోరండీ ఎవరూ.”

అమ్మాయి అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. “పోయిన నాన్నని దొంగని చేస్తావా అమ్మా? ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది.”

“ఆయనొక్కడే అని రాయలేదే. నా సంగతీ రాశాను. చదువు.”

“నేను చదవను” అంది.

“నీ వ్యాసంలో ఆ పేరా నువ్వే కొట్టెయ్యాలి. నేను కొట్టెయ్యను.”

పెన్ను తీసుకుని ఆ పేరా మీద గీత గీసింది. కాగితం చిరిగేంత గట్టిగా గీసింది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అల్లుడుగారు నా అరపేజీ మడిచి జేబులో పెట్టుకున్నారు. వేస్తాననీ అనలేదు, వేయననీ అనలేదు.

మర్నాడు ఉదయం నేనూ ఆయనతో పాటు ఆటోలో ఏలూరు ప్రెస్సుకి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూచున్నామె కథానిక, లేఖ తీసేసింది. జీవితచరిత్రలో దోనె ఉన్న నాలుగు లైన్లూ, వ్యాసంలో అమ్మాయి కొట్టేసిన పేరా కూడా తీసేసింది. నా కాగితం టైపు చేసింది. పైకి చదవమన్నాను. చదివింది. రెండు తప్పులుంటే దిద్దించాను. అల్లుడుగారు ప్రూఫు మీద సంతకం పెట్టారు. పదకొండింటికి ఇంటికొచ్చాం. అమ్మాయి ఇద్దరికీ అన్నం వడ్డించింది. నాతో మాట్లాడలేదు.